పొద్దుగూకినంక చుట్టిన బీడీలు

అనూషకు దయ్యాలంటే భయం లేదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పదకొండేళ్ళుగా నూలు కండెలు చుడుతున్న మనిషికి, పక్కనున్నవాళ్ళు అరిచినా వినపడని ఆ చప్పుళ్ళో భయపడటానికి తీరికెక్కడిది? దయ్యం వచ్చి చెవిలో అరిచినా తనకు వినపడదని తోటి ఆడవాళ్ళతో పరాచికాలాడేది. ఆ పరాచికం మాఘమాసంలో ఒక శనివారం నాడు కోరుట్లలో తీరిపోయింది.

ఆరు నెలల కింద తండ్రి పోయినప్పటి నుంచి తల్లి దేవవ్వ ఒక్కతే కోరుట్ల ఇంట్లో ఉంటోంది. సిరిసిల్లకు రమ్మంటే రాదు. బీడీల పని ఇక్కడుంది, నా మనిషి ఇక్కడ పోయిండు, నేనెక్కడికి వస్తానంటుంది. పట్టు పడితే దేవుడొచ్చి చెప్పినా వినని రకం. అనూషే నెలకోసారి బస్సెక్కి వచ్చి చూసి పోతుంటుంది. ఆ శనివారం వేములవాడ దాటాక బస్సు టైరు పంక్చరై గంటన్నర రోడ్డు మీదే కూర్చోబెట్టింది. పుట్టింటి గడప తొక్కేసరికి పొద్దు గూకుతోంది.

ఇంట్లో లైటు వేయలేదు. లోపల గోడకు ఆనుకుని, ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని తల్లి కూర్చున్నట్టు నీడ కనిపించింది. చేతులు ఆకును చుడుతున్నాయి గాని మెల్లగా, తడుముకుంటున్నట్టు కదులుతున్నాయి.

"అవ్వా" అని పిలిచింది.

"అచ్చినవా బిడ్డా. గింత పొద్దుగూకి ఎందుకచ్చినవ్" అంది ఆ నీడ.

అది తల్లి గొంతు కాదు. ముక్కులోంచి వచ్చే, సగం మాట లోపలే ఉండిపోయే గొంతు. పుట్టినప్పటి నుంచి విన్న గొంతు. పదకొండు రోజుల కర్మకాండ చేసి సాగనంపిన బాపు గొంతు.

అనూష చేతిలో సంచి జారి కింద పడింది. గోడ తడుముకుంటూ లైటు వేసింది. కూర్చున్నది తల్లే. కానీ ఆమె కుడి కంటి రెప్ప సగానికి వాలిపోయి ఉంది. కల్లు గీసే బాపుకు ఇరవై ఏళ్ళప్పుడు చెట్టు మీద తాటిమట్ట కంటికి తగిలి కుడి రెప్ప అట్లాగే వాలిపోయింది, చచ్చేదాకా లేవలేదు. ఇప్పుడు ఆ రెప్ప తల్లి మొహంలో ఉంది.

"గట్ల సూత్తున్నవేంది? మీ బాపు రోజూ గీ యాల్లకే అత్తడు" అంది దేవవ్వ, ఏదో పాలవాడి సంగతి చెప్తున్నంత మామూలుగా.

అన్నం పెట్టుకుంటే అసలు సంగతి బయటపడింది. నాలుగు ముద్దలు నమిలేసరికి దేవవ్వ దవడ వాలిపోయింది, చేత్తో గదవ పట్టుకుని నమిలింది. ముద్ద నోట్లోనే తిరుగుతోంది తప్ప దిగడం లేదు. నీళ్ళు తాగితే గుటక పడలేదు. సగం నీళ్ళు ముక్కులోంచి బయటకు వచ్చాయి, మిగతా సగం ఎటు పోయాయో గాని ఆమె దగ్గలేక దగ్గింది. దగ్గు ఆగాక ఆ గొంతులో గురగుర మొదలైంది. పళ్ళెం పక్కకు నెట్టి, "ఇగ గింతే. తాగనియ్యడు" అంది.

తెల్లారి చూస్తే ఏమీ లేదు. దేవవ్వ ఐదింటికే లేచి, వాకిలి ఊడ్చి, బిడ్డ తెచ్చిన సర్వపిండి రెండు తిని, గ్లాసెడు చాయ గటగటా తాగింది. రెండు కళ్ళూ చక్కగా తెరిచి ఉన్నాయి. గొంతు ఆమెదే, గీరగా, కంచు మోగినట్టు. రాత్రి చూసింది కలేమో అనుకుందామంటే పక్కింటి బాలవ్వ అనుకోనివ్వలేదు.

"నెల దినాలాయె బిడ్డా" అని బాలవ్వ గోడ అవతలి నుంచే మెల్లగా చెప్పింది. "పొద్దంత మంచిగనే ఉంటది. దీపాల యాల్లకు మీ బాపు లస్మయ్య అత్తడు. నేనైతె గా యాల్లకు మీ ఇంటి దిక్కు సూడ."

లస్మయ్య ఎందుకు వస్తాడో ఆ వాడలో అందరికీ తెలుసు. శ్రావణ మాసంలో వాన వెలిసిన పొద్దున తడి చెట్టెక్కి, నడుముకు కట్టిన మోకు జారి కింద పడ్డాడు. మెడకు, తలకు దెబ్బ. కరీంనగర్‌లో తొమ్మిది రోజులు దవాఖానలో ఉంచారు. గుటక వేసే నరాలు దెబ్బతిన్నాయి, నోట్లో చుక్క నీళ్ళు పోసినా అవి కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పోయొద్దని నర్సు గట్టిగా చెప్పింది. ముక్కులోంచి గొట్టం వేశారు. లస్మయ్యకు మాట రాదు గాని చేయి ఆడేది. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని దేవవ్వ వంక చూసేవాడు. జన్మంతా ఊరికి కల్లు పోసిన మనిషి, గుక్కెడు నీళ్ళ కోసం తొమ్మిది రోజులు అట్లా బొటనవేలు చూపించాడు. దేవవ్వ దూదితో పెదాలు తడిపింది తప్ప నీళ్ళు పోయలేదు. తొమ్మిదో నాడు పొద్దు గూకే వేళ పోయాడు.

పదకొండో రోజు పిట్టకు పెట్టారు, కాకి ముడితే పోయినవాడు శాంతించినట్టు. కల్లు, కోడికూర, చేప, ఆయన తాగే బీడీల కట్ట, అన్నీ విస్తరిలో పెట్టి దూరంగా జరిగారు. కరెంటు తీగ మీద కాకులు బారుగా కూర్చుని ఉన్నాయి. ఒక కాకి దిగి, విస్తరి చుట్టూ తిరిగి, తల అటూ ఇటూ తిప్పి చూసి, ముట్టకుండా లేచిపోయింది. లస్మయ్య తమ్ముడు నారాయణ ముందుకు వచ్చి, నీ చెట్లు నేను గీస్తానని మాటిచ్చాడు. అనూష, అవ్వను చూసుకుంటానని చెప్పింది. కాకి రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు దేవవ్వ విస్తరి దగ్గరికి పోయి నిలబడింది.

"నీళ్ళియ్యలేదని అలిగినవా? సరె. నువ్వు ముట్టనిది నేను గూడ ముట్ట. నా గొంతుల గూడ దిగద్దు" అంది.

కాకి ముట్టలేదు. పెద్దలు ఇంకెంతసేపని విస్తరిని నీళ్ళలో వదిలించి అందరినీ భోజనాలకు లేపారు. దేవవ్వ కూడా తిన్నది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, ఆకలైంది, తిన్నది. అది తప్పని ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో మన్ను పడ. కానీ దేవవ్వే తన మనసులో అది తప్పనుకుంది. ఐదు నెలల తర్వాత గొంతు పట్టేస్తే, ఎవరు పట్టుకున్నారో ఆమెకు అనుమానమే రాలేదు.

అనూషకు ఆ లెక్క మింగుడుపడలేదు. దయ్యమో, రోగమో, తల్లి మనిషి సగమైంది. రవిక భుజాల మీద నిలవడం లేదు. రోజుకు ఒక్క పూట తిండితో ఎన్నాళ్ళు బతుకుతుంది? తండ్రి దాహంతో పోయాడు, తల్లిని ఆకలితో పోనివ్వనని ఆ పొద్దునే ఒట్టు పెట్టుకుంది. షెడ్డుకు సెలవు చెప్పి మర్నాడు తల్లిని మొదటి బస్సులో జగిత్యాలకు తీసుకుపోయింది.

అక్కడే అసలు తిరకాసు. ఏ దవాఖానకైనా చీటీ తీసుకునేది పొద్దున్నే కదా. ఏడింటికి పోయి వరుసలో నిలబడితే పదింటికి డాక్టరు చూస్తాడు. పదింటికి దేవవ్వ నిమ్మపండులా ఉంటుంది. మొదటి డాక్టరు గొంతులోకి కెమెరా గొట్టం దించి చూశాడు. గడ్డ లేదు, పుండు లేదు, దారి సాఫుగా ఉంది. నీళ్ళు తాగమంటే గడగడా తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. పది రోజులాగి రెండో డాక్టరు దగ్గరికి పోతే ఆయన తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలో చూశాడు. అదీ జారుడు బండ మీద పిల్లల్లా జారిపోయింది. "భర్త పోయిన దిగులమ్మా, కొన్నాళ్ళు మనుషుల్లో ఉంచండి" అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆయన చూసింది ఆయన చెప్పాడు.

చినబాపు నారాయణ మాత్రం, "డాక్టర్లకు దొరుకుతదా బిడ్డా అది? సూపియ్యాల్సినోళ్ళకు సూపిద్దాం" అన్నాడు. అనూష దివాకర్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. దివాకర్ ఆమె మొగుడు, మగ్గం నడుపుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. "నువ్వక్కడనే ఉండు, ఇంటిదిక్కు నేను సూసుకుంట" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాటతో ఆమెకు కొంచెం ఊపిరాడింది.

ఆ వారం బీడీల కట్టలు కంపెనీలో అప్పజెప్పడానికి తల్లికి బదులు అనూష పోయింది. కట్టలు చూసి తీసుకునే ప్రేమ్‌సాగర్ ముప్పై ఏళ్ళ నుంచి ఆ పనిలో ఉన్నాడు. బీడీ చూసి చుట్టింది ఎవరో చెప్తాడని పేరు. ఒక కట్ట తీసి వేళ్ళ మధ్య నొక్కి ఇవతల పెట్టాడు, ఇంకో కట్ట తీసి అవతల పెట్టాడు. అట్లా అన్నీ రెండు కుప్పలు చేసి తలెత్తాడు.

"చెల్లె, మీ ఇంట్ల ఇంకెవరున్నరు?"

"ఎవరున్నరన్నా. అవ్వ ఒక్కతే."

"గీ కుప్ప మీ అవ్వది. గా కుప్ప మీ అవ్వది కాదు. ఇవి వేరే చెయ్యి చుట్టినయి. నెల సంది సూత్తున్న, రోజూ సగం కట్టలు గిట్లనే అత్తున్నయి" అని ఒక బీడీ ఆమె చేతిలో పెట్టాడు. దారం సరిగ్గా బిగించలేదు, ముట్టుకుంటే ఆకు విడిపోయి తంబాకు రాలింది.

ఆ రెండో కుప్ప పొద్దుగూకినంక చుట్టినవని అనూషకు తెలుసు. తల్లి ఒళ్ళో చాట, ఆ మసక చీకట్లో తడుముకుంటున్న ఆ వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. అయితే బాపు చేతుల్లోకి కూడా వచ్చాడన్నమాట అనుకుంది.

బజారు దాటి సగం దూరం వచ్చాక ఆగిపోయింది. బాపు జన్మలో ఒక్క బీడీ చుట్టలేదు. రోజుకు కట్టన్నర తాగేవాడు తప్ప ఆకు కత్తిరించడం కూడా రాదు. చుట్టడం రాని మనిషి దయ్యమై వచ్చి బీడీలు చుడతాడా? పైగా ఎవరో కొత్తగా చుట్టినట్టు కూడా లేవు అవి. ఆకు కోత అదే, మడత అదే, పని తెలిసిన చేయి. కాకపోతే ఓపిక అయిపోయిన చేయి. షెడ్డులో రెండో షిఫ్టు చివర తన చేతులు కూడా కండె మీద అట్లాగే వదులవుతాయి. రెప్ప, దవడ, గొంతు, వేళ్ళు, అన్నీ పొద్దున ఉండి సాయంత్రానికి అయిపోతున్నాయి. నెత్తి కొట్టుకుంది. రెండు వారాలుగా, పొద్దున ఆరోగ్యంగా ఉన్న మనిషిని పట్టుకుపోయి రోగం చూపించమని డాక్టర్లను అడుగుతోంది తను.

జగిత్యాలలో మందుల షాపు మీది గదిలో, కరీంనగర్ నుంచి నరాల డాక్టరమ్మ ప్రతి గురువారం సాయంత్రం వచ్చి కూర్చుంటుందని తెలిసింది. అనూష కావాలనే ఆఖరి నంబరు తీసుకుంది. లోపలికి పిలిచేసరికి పావు తక్కువ ఏడు. కిటికీ బయట వెలుతురు పోతోంది. దేవవ్వ రెప్ప అప్పటికే వాలడం మొదలైంది.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. కాగితాలన్నీ చూసి పక్కన పెట్టి, "పైకి, ఫ్యాను దిక్కు చూడమ్మా. చూస్తూ యాభై దాకా లెక్కపెట్టు" అంది.

దేవవ్వ లెక్కపెట్టింది. పదిహేను దాకా ఆమె గొంతే. ఇరవై దగ్గర మాట ముక్కులోకి జారింది. ముప్పై దాటేసరికి ఆ గదిలో లెక్కపెడుతున్నది లస్మయ్య. కుడి రెప్ప మెల్లగా, ఎవరో వేలితో దించుతున్నట్టు దిగివచ్చి సగంలో ఆగింది. తలుపు దగ్గరున్న కాంపౌండరు ఒకడుగు వెనక్కి వేశాడు. అనూష కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ జడవలేదు. "కింద చెరుకురసం బండి దగ్గర ఒక ఐసు ముక్క అడిగి తే" అని కాంపౌండరుకు చెప్పింది. వాడు తెచ్చిన ఐసును రుమాల్లో చుట్టి, వాలిన రెప్ప మీద పెట్టి, గడియారం చూస్తూ రెండు నిమిషాలు కూర్చుంది. కరిగిన నీళ్ళు దేవవ్వ చెంప మీదుగా కారాయి. డాక్టరమ్మ రుమాలు తీసింది.

రెప్ప లేచి ఉంది. రెండు కళ్ళూ సమానంగా, విప్పారి, అనూషనే చూస్తున్నాయి. బాపు మొహంలోంచి అవ్వ బయటకు వచ్చింది. అనూషకు తెలియకుండానే ఏడుపు వచ్చేసింది.

"దీన్ని మయస్తీనియా అంటరమ్మా" అని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "నువ్వు మగ్గాల షెడ్డులో పనిచేస్తవ్ గదా. ఆ చప్పుడులో పక్కమనిషిని పిలిస్తే ఏమైతది? పిలుపు పోతది, చెవికి అందదు. నరం గుటక వెయ్యమని పిలుస్తుంది, కండకు అందుతలేదు. ఆమె ఒంట్లో రోగాలు రాకుండా కాపలా ఉండాల్సినయే పొరపాటున ఆ పిలుపుకు అడ్డం పడుతున్నయి. పొద్దున నిద్ర లేచినప్పుడు ఎట్లనో అందుతది. వాడిన కొద్దీ అందదు. చల్లదనం తగిలితే కాసేపు అందుతది, అందుకే ఐసు."

రక్తపరీక్షకు, ఛాతీ స్కానింగుకు రాసింది. అవి వచ్చాక అదే రోగమని ఖాయం చేసి గోలీలు ఇచ్చింది, రోజుకు నాలుగు పూటలు. తిండికి గంట ముందు గోలీ పడాలి. పెద్ద భోజనం పొద్దున్నే తినాలి. సాయంత్రం పలచని నీళ్ళకన్నా చిక్కటి అంబలి మేలు, పలచనివి అదుపు తప్పి ఊపిరి దారిలో పడతాయి. తల వెనక్కి ఎత్తి తాగొద్దు, గదవ రొమ్ముకు ఆనించి చిన్న గుటక వేయాలి. తిన్నాక గొంతు గురగురమంటే మింగింది పక్కదారి పట్టినట్టు. "ఒక్క పూట కూడా గోలీ తప్పొద్దు. ఆయాసం వస్తే ఆగొద్దు, ఉరికి రావాలె" అని రెండుసార్లు చెప్పింది.

గోలీలతో తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దేవవ్వ కిటికీ పక్కన కూర్చుంది. కోరుట్ల దీపాలు కనిపించాక మెల్లగా అడిగింది.

"ఐసు పెడితె ఆయన పోయిండా బిడ్డా?"

"ఆయన రానే రాలేదవ్వా. అది నీ కండల రోగం."

"మరి గిన్ని దినాలు ఎవరచ్చిండ్రు?" అంది దేవవ్వ. అనూష నవ్వేసి ఊరుకుంది. నవ్వకుండా ఉండాల్సింది.

గోలీలు పనిచేశాయి. అనూష సిరిసిల్లకు పోయి మళ్ళీ షెడ్డులో చేరింది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసేది, అవతల కంచు గొంతు మోగేది. ఏం తిన్నవంటే జొన్నగట్క, చారు, ఉడకబెట్టిన గుడ్డు అని చెప్పేది. ప్రేమ్‌సాగర్ కూడా ఒకే కుప్ప పెడుతున్నాడట. చైత్రం, వైశాఖం అట్లా హాయిగా గడిచాయి. జ్యేష్ఠంలో ఫోన్ ఎత్తడం తగ్గింది. చేస్తే పొద్దున చెయ్యి బిడ్డా, పొద్దుగూకి నాకు పనుంటది అనేది. పొద్దున చేస్తే గొంతు బాగానే ఉండేది.

పని అనగానే బీడీలనుకుంది అనూష. ఎంత తెలివైనవాళ్ళకైనా సొంత తల్లి దగ్గర బుద్ధి మందగిస్తుంది. వారం గడిచాక బాలవ్వ ఫోన్ చేసి, "మల్ల అత్తుండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అనూష దొరికిన బస్సెక్కింది.

ఆమె పోయేసరికి మళ్ళీ అదే వేళ, మళ్ళీ లైటు లేదు. ఈసారి గోడకు తగిలించిన అద్దం కిందికి దించి, దాని ముందు చిన్న దీపం పెట్టుకుని దేవవ్వ కూర్చుని ఉంది. అద్దంలో సగం వాలిన కన్ను. ఆ కన్నుతో ఆమె మాట్లాడుతోంది. ముక్కు గొంతుతో అడుగుతోంది, అదే గొంతుతో జవాబు చెప్పుకుంటోంది. మధ్యమధ్య గురగురమంటూ దగ్గు. అనూష భుజం మీద చేయి వేస్తే ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి చిన్నచిన్నగా, పైపైనే ఆడుతోంది.

"గోలీ ఏసుకున్నవా అవ్వా?"

దేవవ్వ తలూపింది. అలమారలో చూస్తే గోలీల అట్టలు ఖాళీగానే ఉన్నాయి. వేసుకుంటే ఇట్లా ఎందుకైంది? అట్ట పక్కనే ఒక బీడీల కట్ట ఉంది, కంపెనీకి ఇవ్వకుండా దాచినట్టు గుడ్డ కప్పి. అనూష చేయి తగిలి ఒక బీడీ కింద పడి విడిపోయింది. తంబాకు రాలలేదు. లోపలి నుంచి తెల్లటి గోలీ దొర్లి గడప దగ్గర ఆగింది.

అనూష కట్ట విప్పింది. ఒక్కొక్కటే విప్పింది. అన్నింటిలోనూ గోలీలే. సాయంత్రపు గోలీలు ఇరవై మూడు, తునికాకులో చుట్టి, దారం కట్టి, వరుసగా పేర్చి ఉన్నాయి.

"గిదేందవ్వా" అంది.

"అది ఏసుకుంటె ఆయన అత్తలేడు బిడ్డా" అంది దేవవ్వ, మాటకు మాటకు మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "నా గొంతు పట్టుకుంటె పట్టుకోనీ. నేనియ్యలేదు, ఆయన తాగనిత్తలేడు. అండ్ల అన్యాలమేముంది. గీ యాల్లకు అద్దంల సూత్తె ఉంటుండె. గోలీ మింగినంక నేనే ఉంటున్న."

ఏమని కోప్పడుతుంది? అనూషకు కోపం వచ్చింది, దాని వెనకే దుఃఖం వచ్చింది, రెండింటికీ టైము లేదు. 108కు ఫోన్ చేసింది. బండి వచ్చేలోపు దేవవ్వ బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని బిడ్డ వంక చూసింది. బాలవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. అనూష ఆ చెంబును చేత్తో అడ్డుకుంది.

జగిత్యాల దవాఖానలో రాత్రికి రాత్రి ముక్కులోంచి గొట్టం వేశారు, మొహానికి ఊపిరి ఆడించే మాస్కు కట్టారు. సాయంత్రాలు గోలీ లేకుండా తాగిన నీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరి జ్వరం తెచ్చాయని, ఆ జ్వరం రోగాన్ని ఒక్కసారిగా రేపిందని, ఇప్పుడు శ్వాస కండలు కూడా ఓడిపోతున్నాయని చెప్పారు. నరంలోకి ఎక్కించే మందు ఐదు రోజులు నడుస్తుంది. అప్పటిదాకా నోట్లో చుక్క నీళ్ళు పోయొద్దన్నారు.

ఐదు రోజులు. అనూష మంచం పక్కనే కూర్చుంది. దేవవ్వకు స్పృహ ఉంది, మాట లేదు. గంటకోసారి బొటనవేలు నోటి దగ్గరికి పోయేది. ఎండిన పెదాలు, పగిలిన మూల, సగం వాలిన ఆ కన్ను. బాపు కన్ను. పొద్దు గూకే వేళ ఆ కన్ను చూస్తుంటే అడుగుతున్నది ఎవరో అనూషకు తెలిసేది కాదు. మూడో నాటి సాయంత్రం ఆమె చేయి తనంతట తాను నీళ్ళ సీసా మూత తిప్పింది. ఒక్క చెంచా పోస్తే ఏమైతది, అడుగుతున్నది కన్నతల్లి కాదా అనిపించింది. మూత మళ్ళీ బిగించి, సీసాను తీసుకుపోయి వరండాలో పెట్టి వచ్చింది. దూదితో పెదాలు తడిపింది. ఆ దూది పట్టుకున్నప్పుడు ఆమెకు తెలిసింది, తొమ్మిది రోజులు తల్లి దేన్ని పట్టుకుని కూర్చుందో. గోడకు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆరో నాడు మాస్కు తీశారు. ఏడో నాడు నర్సు చిక్కటి జావ అరచెంచా నాలుక మీద పెట్టి, గదవ వంచమని, గుటక వేయమని, "ఆ" అనమంది. దేవవ్వ మింగి "ఆ" అంది. గురగుర లేదు. నర్సు ఇంకో చెంచా పెట్టింది. నాలుగు చెంచాలయ్యాక ఇవ్వాళ్టికి చాలని, ఆరింటికి గోలీ మాత్రం జావలో ఇవ్వమని చెప్పి లేచింది.

కిటికీ అవతల పొద్దు వాలుతోంది. దేవవ్వ బిడ్డ చేయి పట్టుకుంది. గొంతు బలహీనంగా ఉంది గాని ఆమెదే.

"నాలుగొద్దుల కింద నువ్వు సీసా బయట పెట్టచ్చినవ్. సూసిన."

అనూష తల వంచుకుంది. "తప్పలేదవ్వా. కోపమచ్చిందా?"

"నేను గూడ గదే సూసుకున్న, కోపమత్తదేమోనని. రాలె బిడ్డా. గొంతు మండుతుంటే గూడ రాలె. పోరి ఎంత గోసపడుతుందో అని నీ మొకమే సూసిన." కాసేపు ఊపిరి తీసుకుంది. "మీ బాపు గూడ తొమ్మిది దినాలు నా మొకమే సూసిండు. నేను నీళ్ళడుగుతుండనుకున్న."

వార్డులో దీపాలు వెలిగాయి. దేవవ్వ కుడి రెప్ప కొద్దిగా కిందికి వాలడం మొదలైంది. ఆమె చేత్తో తడిమి చూసుకుంది.

"టైమెంతైంది?"

"ఆరు."

"ఇగ ఆయనను పోనియ్యాలె" అంది దేవవ్వ. "గోలీ ఇటు తే."

అనూష గోలీని నూరి జావలో కలిపి చెంచాతో అందించింది. దేవవ్వ గదవ రొమ్ముకు ఆనించి, కళ్ళు మూసుకుని మింగింది.